15 మి.లీ. సీసాలతో నెపోలియన్ ఫిరంగి దళం: తిరుపతిలో దొరికే క్రాఫ్ట్ రంగుల మీద రివ్యూ

బల్ల మీద ఆడే యుద్ధాల ఆట కోసం నెపోలియన్ కాలపు చిన్న బొమ్మ సిపాయిలకూ ఫిరంగులకూ క్రాఫ్ట్ రంగులు పనికొస్తాయా? ముందే తేల్చి చెప్పేస్తే: ఫిరంగి బండికి ఈ రంగులు భేషుగ్గా సరిపోతాయి. సిపాయి నీలం కోటుకు, కలుపుకోవడం తెలిసినవాళ్లకు సరిపోతాయి. ఎరుపు విసిగిస్తుంది. కంచు గొట్టానికి మాత్రం వీటిని కొనకండి, ఆ ఒక్కదానికి బయటి సీసా తెప్పించుకోండి.

రివ్యూకి తీసుకున్నవి తిరుపతిలో గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు వైపు స్టేషనరీ, ఫ్యాన్సీ షాపుల్లో అడిగితే ఇచ్చే 15 మి.లీ. ఎక్రిలిక్ సీసాలు. ఫెవిక్రిల్, కామెల్ లాంటి పేర్లతో వస్తాయి. చీర అంచు మీద పువ్వులకీ, కుండల మీద డిజైన్లకీ, పిల్లల స్కూలు ప్రాజెక్టులకీ జనం కొనేవి ఇవే. చిత్తూరులోనూ ఇదే సరుకు. పోల్చి చూసింది మినియేచర్ల (ఇలాంటి చిన్న బొమ్మల) కోసమే తయారయ్యే స్పెయిన్ రంగులు, వల్లేజో మోడల్ కలర్‌తో. ఆ డ్రాపర్ సీసా ఒక్కదాని ధరకు ఇక్కడివి చాలా వస్తాయి, పోస్టు ఖర్చు వేరే.

రంగు వేసింది 1/72 స్కేలు మెత్తటి ప్లాస్టిక్ బొమ్మల మీద: ఫ్రెంచి ఫుట్ ఆర్టిలరీ (కాలినడకన సాగే ఫిరంగి దళం), నాలుగు ఫిరంగులు, 20 మంది సిపాయిలు. మనిషి ఎత్తు దాదాపు 23 మి.మీ. అసలు యుద్ధంలో ఫ్రెంచి ఫుట్ కంపెనీ అంటే ఆరు ఫిరంగులు, రెండు హోవిట్జర్లు (గుండును ఎత్తుగా విసిరే పొట్టి ఫిరంగులు), మొత్తం ఎనిమిది. బల్ల మీద ఒక బొమ్మ ఫిరంగిని రెండింటికో నాలుగింటికో లెక్కవేస్తారు కాబట్టి నాలుగు బొమ్మలుంటే కంపెనీ నిండినట్టే.

క్రాఫ్ట్ రంగుకూ మినియేచర్ రంగుకూ తేడా ఎక్కడుందో తెలిస్తే మిగతాదంతా సులువు. రంగంటే పొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు, నీళ్లు. మినియేచర్ రంగులో పొడి బాగా మెత్తగా నూరి, ఎక్కువ పాళ్లలో వేస్తారు. బట్టల మీదికీ పనికొచ్చే రంగులో జిగురు పాలు ఎక్కువ, పైగా ఆ జిగురు ఎండాక కూడా కొంచెం సాగుతుంది. సాగకపోతే చీర మడతపెట్టగానే పువ్వు పెళుసై రాలిపోతుంది. ఈ సాగే గుణం వల్లే గట్టి ప్లాస్టిక్ మీదా లోహం మీదా ఈ రంగు తేలిపోయినట్టు కనిపిస్తుంది: రబ్బరు పొరలా ఉంటుంది, ఉప్పుకాగితంతో రుద్దితే పొడి కాకుండా ఉండలు చుడుతుంది, వేలిముద్ర పడుతుంది. మెత్తటి ప్లాస్టిక్ మీదకొచ్చేసరికి అదే గుణం వరమవుతుంది. 1/72 సెట్లలో గొట్టం తుడిచే కట్టె, గుండు కూరే కట్టె, కత్తి ఒర వేలు తగిలితే వంగుతాయి. గట్టిగా ఎండే రంగు ఆ వంపు దగ్గర పెచ్చులూడుతుంది. ఇది దానితోపాటే వంగుతుంది. 28 మి.మీ. గట్టి ప్లాస్టిక్ సెట్ కొన్నవాళ్లు ఈ రివ్యూలో మార్కులన్నీ ఒక మెట్టు తగ్గించి చదువుకోండి.

మెత్తటి ప్లాస్టిక్ పాలిథీన్ జాతిది. ఏ రంగూ దాన్ని తనంతట తాను పట్టుకోదు, కింది పొర సరిగ్గా వేస్తేనే నిలుస్తుంది. ఫ్రేమ్ మీద ఉండగానే గోరువెచ్చటి నీళ్లలో గిన్నెల సబ్బు చుక్క వేసి, పాత టూత్‌బ్రష్‌తో తోమాలి. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు అలా పోతుంది. తొందరపడి ఈ పని వదిలేస్తే ఎంత ఖరీదైన రంగైనా నెల తిరగకముందే చేతికి వచ్చేస్తుంది. అచ్చు అంచుల్లో మిగిలిన పలచటి రెక్కల్ని కొత్త బ్లేడుతో కోయాలే గానీ ఆకురాయితో రుద్దకూడదు, రుద్దితే నూగు లేస్తుంది. తరవాత ఫెవికాల్ ఒక పాలు, నీళ్లు ఒక పాలు కలిపి బొమ్మంతా పలచగా పూసి రాత్రంతా వదిలేయండి. పాల తెలుపు పోయి పారదర్శకంగా మారితే ఎండినట్టు. ఆటోమొబైల్ షాపులో దొరికే స్ప్రే ప్రైమర్ ఈ ప్లాస్టిక్‌కు వద్దు. అందులోని ద్రావకం వల్ల పొర జిగటగా ఉండిపోవచ్చు, వంగితే పగలనూ వచ్చు. గట్టి ప్లాస్టిక్‌కూ లోహానికీ మాత్రం ఆ బూడిదరంగు ప్రైమరే మేలు.

అతికించడం ఇంకో తలనొప్పి. సూపర్ గ్లూ ఈ ప్లాస్టిక్‌ను పైపైన పట్టుకుని, తర్వాత టక్కున వదిలేస్తుంది. చక్రాన్ని ఇరుసుకు బిగించేటప్పుడు గుండుసూది ముక్క ఒకటి లోపల గుచ్చి, దాని చుట్టూ గ్లూ వేయండి. పట్టు గ్లూది కాదు, సూదిది.

అన్నిటికంటే బాగా వచ్చేది బండి. ఫ్రెంచి ఫిరంగి బండి చెక్కంతా ఆలివ్ ఆకుపచ్చ, ఇనుప భాగాలు నలుపు. చక్రాలు కూడా ఆకుపచ్చే. చాలామంది మన ఎద్దులబండి మనసులో పెట్టుకుని చక్రాలకు గోధుమరంగు వేస్తారు, తప్పు. ఈ ఆకుపచ్చకు సీసా కొనక్కర్లేదు. ఎల్లో ఓకర్ 5 చుక్కలు, నలుపు 1 చుక్క. పసుపులో నలుపు పడితే ఆకుపచ్చ ఎలా వస్తుందని అనుమానం రావచ్చు. నలుపు పొడి కాస్త నీలం వైపు మొగ్గుతుంది, అది చాలు. ఆనాటి ఆయుధశాలల్లోనూ ఓకర్‌లో నలుపు కలిపే ఈ రంగు తీసేవాళ్లని చెబుతారు. కాబట్టి వల్లేజో ఆలివ్ గ్రీన్ 70.967 కంటే ఐదు చుక్కలకు ఒక చుక్క కలిపిన ఈ మిశ్రమమే అసలుకు దగ్గరేమో. నలుపును సీసాలోంచి నేరుగా వంచకండి, టూత్‌పిక్ కొనతో వేయండి. అర చుక్క ఎక్కువైతే బురద రంగు అవుతుంది, వెనక్కి లాగాలంటే ఇంకో ఐదు చుక్కల ఓకర్ పోయాలి.

రంగు రెండు పాళ్లకు నీళ్లు ఒక పాలు, పలచగా రెండు పూతలు. నీళ్లు రంగుతో సమానమైతే జిగురు విరిగి పొడి మడతల్లోకి దిగిపోతుంది, ఎత్తు భాగాలు బోడిగా మిగులుతాయి. ఇంకా పలచన కావాలంటే నీళ్లు కాదు, అదే షాపులో దొరికే ఎక్రిలిక్ మీడియం కలపాలి. రెండో పూత ఎండాక అదే మిశ్రమంలో ఇంకో రెండు చుక్కల ఓకర్, చిటికెడు తెలుపు వేసి, చెక్క అంచుల మీద బ్రష్ పక్కభాగంతో లాగితే బండి లేచి నిలబడుతుంది. నాలుగు బండ్లకీ కలిపి ఓకర్ సీసాలో నాలుగోవంతు కూడా తరగదు. బండికి పదికి తొమ్మిది మార్కులు.

చక్రాన్ని బండికి బిగించకముందే రంగు వేయాలి. చక్రం నడిమి కుండలో టూత్‌పిక్ దూర్చి, సారె మీద కుండ తిప్పినట్టు వేళ్లతో తిప్పుతూ, నలుపు ముంచిన బ్రష్‌ను ఇనుప పట్టా అంచుకు కదలకుండా ఆనించండి. పట్టా ఒక్క చుట్టులో అయిపోతుంది. చక్రం ఆకుల (పుల్లల) మధ్యకు నలుపు పాకితే వెంటనే తడి బ్రష్‌తో లాగేయండి, ఎండాక అయితే మళ్లీ ఆకుపచ్చ వేయాల్సిందే. ఇరుసు కొనలు, కడసీలలు, బండి చెక్కల మీది పట్టీలు, కొక్కేలు అన్నీ నలుపే. సీసాలోని నలుపు నేరుగా వేస్తే ఇంత చిన్న బొమ్మ మీద చిల్లుపడినట్టు కనిపిస్తుంది. 6 చుక్కల నలుపుకు 1 చుక్క తెలుపు కలిపితే ఇనుము ఇనుములా ఉంటుంది.

రంగుతో పనిలేని రెండు సంగతులు ఇక్కడే చెప్పాలి, చూసే కన్ను ముందు వాటి మీదే పడుతుంది. గ్రిబోవాల్ పద్ధతి, అంటే 1765 నాటి ఫ్రెంచి ఫిరంగి నమూనా, 12 పౌండర్, 8 పౌండర్ (పేల్చే గుండు బరువు పౌండ్లలో) బండ్లకు గొట్టం చెవులు కూర్చునే గాడులు రెండు జతలుంటాయి. వెనక జత ప్రయాణానికి, ముందు జత పేల్చడానికి. సిపాయిలు చుట్టూ నిలబడి పేలుస్తున్నట్టు చేసి, గొట్టాన్ని వెనక గాడిలో కూర్చోబెడితే మొత్తం అబద్ధమవుతుంది. అలాగే బండి తోక చెక్కల మధ్య కూర్చునే చిన్న మందుగుండు పెట్టె. ప్రయాణంలో అది అక్కడుంటుంది, పేల్చేటప్పుడు తీసి వెనక లింబర్ (ఫిరంగిని గుర్రాలకు తగిలించే రెండు చక్రాల బండి) మీద పెడతారు. సెట్‌లో ఇచ్చారు కదాని తోక మధ్యలో అతికించేయకండి. 1803 తర్వాత వచ్చిన కొత్త పద్ధతిలో 4, 8 పౌండర్ల స్థానంలో 6 పౌండర్ తెచ్చారు. మీ ఆట ఆస్టర్లిట్జ్ యుద్ధానిదో (1805) వాటర్లూ యుద్ధానిదో (1815) చూసుకుని గొట్టాలు ఎంచుకోండి.

ఇక గొట్టం. ఆనాటి ఫిరంగి కంచులో 100 పాళ్ల రాగికి 11 పాళ్ల తగరం. రాగి అంత ఉంటే రంగు ఎర్రటి బంగారం వైపు ఉంటుంది, గుడి గంటలా పాలిపోయి ఉండదు. క్రాఫ్ట్ సీసాల్లోని గోల్డ్, పెర్ల్ రంగులు రెండు విధాలా తప్పుతాయి. మొదటిది, పసుపు మరీ ఎక్కువ. రెండోది, వాటి మెరుపు చిన్నచిన్న రేకుల నుంచి వస్తుంది. ఒక్కో రేకు 50 మైక్రాన్లనుకుంటే 1/72 స్కేలులో అది మూడున్నర మిల్లీమీటర్ల ముక్కతో సమానం. ఫిరంగి మీద చమ్కీ చల్లినట్టుంటుంది. పండగ దీపాల కుండకు అందమే గానీ ఫిరంగికి కాదు. పదికి రెండు.

వల్లేజో బ్రాస్ 70.801 ఒక్క సీసా తెప్పించుకోండి. బ్రాస్ 3 చుక్కలు, క్రాఫ్ట్ బర్న్ట్ అంబర్ 1 చుక్క కలిపి పలచగా రెండు పూతలు వేసి, గోధుమ వాష్ (గుంటల్లో నీడలా దిగే పలచటి రంగు) ఒకటి ఇచ్చి, ఆరాక గొట్టం చుట్టూ ఉన్న కడియాల మీదా మూతి అంచు మీదా మాత్రం ఏమీ కలపని బ్రాస్ తాకించండి. పచ్చటి చిలుము వేయాలనే కోరిక చాలామందికి పుడుతుంది. యుద్ధంలో ఉన్న దళం తన గొట్టాల్ని అంత గతికి వదలదు. మసి మాత్రం వేయండి: మూతి లోపలి అంచున, పైన మందు అంటించే రంధ్రం చుట్టూ, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో నలుపు. 12 పౌండర్ నోరు అసలు 121 మి.మీ., మన స్కేలులో 1.7 మి.మీ. అచ్చులో చిన్న గుంటలా ఉంటే చేతి డ్రిల్లుతో ఆ కొలతకు తొలిచి లోపల నలుపు వేయండి. మెరుపు రంగుకు వాడిన నీళ్ల గ్లాసు వేరుగా ఉంచాలి. అందులో కడిగిన బ్రష్ తర్వాత ముఖానికి వాడితే సిపాయి బుగ్గలు మెరుస్తాయి.

సిపాయి కోటు ముదురు నీలం. ఛాతీ మీది మడతలు కూడా నీలమే, వాటి అంచుకు ఎర్రటి పైపింగ్. ముంజేతి పట్టీలు, కోటు తోక మడతలు, భుజం కుచ్చులు ఎరుపు. ప్యాంటు ముదురు నీలం, గుండీలు ఇత్తడి. క్రాఫ్ట్ ప్రష్యన్ బ్లూ ఒక్కటే వేస్తే ఆకుపచ్చగా పొడుస్తుంది, పైగా అడుగు కనిపిస్తుంది. ప్రష్యన్ బ్లూ 4 చుక్కలు, నలుపు 1, క్రిమ్సన్ సగం చుక్క. ఆ ఎరుపు పచ్చదనాన్ని చంపుతుంది. ముడతల ఎత్తు మీద ఇదే మిశ్రమంలో తెలుపు తాకించి వేయాలి. వల్లేజో డార్క్ ప్రష్యన్ బ్లూ 70.899 ఒక్క పూతలో ఇచ్చేది ఇక్కడ మూడు పూతల్లో వస్తుంది. ఏడు మార్కులు.

ఎరుపుకు ఐదే. క్రిమ్సన్, స్కార్లెట్ రెండూ పారదర్శకం. నీలం మీద వేస్తే ఊదా, నలుపు మీద వేస్తే మాయం. కింద ముందు ఇండియన్ రెడ్ లేదా బర్న్ట్ సియెన్నా ఒక పూత, దాని మీద స్కార్లెట్ రెండు పూతలు వేస్తే నిలుస్తుంది. ఇరవై మందికి ఈ మూడేసి పూతలు వేసే ఓపిక లేకపోతే ఫ్లాట్ రెడ్ 70.957 కొనడం మర్యాద. పైపింగ్‌ను గీతగా గీయబోకండి, ఎవరి చెయ్యీ నిలవదు. ఛాతీ మడత మొత్తం ఎరుపు చేసి, ఎండాక మధ్యలో నీలం నింపుతూ అంచున వెంట్రుక మందం ఎరుపు వదిలేయండి. తప్పితే నీలంతోనే దిద్దుకోవచ్చు.

తెల్ల తోలు పట్టీల కింద బూడిదరంగు వేసి పైన తెలుపు. ముఖానికి తెలుపు, ఓకర్, ఇండియన్ రెడ్ కలిపితే ఎండలో తిరిగిన మనిషి చర్మం వస్తుంది. ఫ్లాట్ ఫ్లెష్ 70.955 ఇంకాస్త పాలిపోయి ఉంటుంది. ఫిరంగులు లాగే గుర్రాల్ని తోలే ట్రెయిన్ దళం వాళ్లకు నీలం కోటు వేసి పాడుచేయకండి. వాళ్లది ఇనుప బూడిదరంగు కోటు, కాలరూ పట్టీలూ నీలం, గుండీలు తెల్ల లోహం. 1800లో నెపోలియన్ సైన్యంలోకి తీసుకునేదాకా ఆ బండ్లు తోలింది కిరాయి మనుషులే.

నీడల కోసం కొనే నల్న్ ఆయిల్, ఎగ్రాక్స్ లాంటి వాష్‌లకు బదులు ఇంట్లో కలుపుకోవచ్చు: బర్న్ట్ అంబర్ 1, నలుపు సగం, నీళ్లు 4, మీడియం 4, సబ్బు నీళ్ల చుక్క ఒకటి. మీడియం వేయకుండా వట్టి నీళ్లతో చేస్తే ఎండేటప్పుడు పొడి అంచులకు చేరి, చాయ్ గ్లాసు పెట్టిన మరకలా గుండ్రటి గీత మిగులుతుంది. సబ్బు ఎక్కువైతే నురగ బుడగలు ఎండి గుంటలు పడతాయి.

మన ఊరి వాతావరణానికి వస్తే, ఈ రంగుల అసలు శత్రువు మే నెల. నలభై డిగ్రీల గదిలో, ఫ్యాన్ కింద, చుక్క రంగు ప్లేటు మీద రెండు నిమిషాలు ఆగదు. బ్రష్ మొనలో ఎండి, తర్వాతి గీతలో పెంకులా దిగుతుంది. టిఫిన్ బాక్సు మూతలో తడి టిష్యూ నాలుగు మడతలు పరిచి, పైన బటర్ పేపర్ వేసి దాని మీద కలపండి, గంటలు నిలుస్తుంది. అక్టోబరు, నవంబరు వానల్లో ఇబ్బంది తలకిందులవుతుంది. పైకి ఎండినట్టున్న క్రాఫ్ట్ రంగు లోపల జిగటగానే ఉంటుంది. బొమ్మల్ని ఒకదానికొకటి ఆనించి డబ్బాలో పెడితే అతుక్కుని, విడదీస్తే ఒకరి మోచేతి రంగు ఇంకొకరి వీపుకు వస్తుంది. ఎండాకాలం 24 గంటలు, వానల్లో మూడు రోజులు విడివిడిగా ఉంచాలి. మ్యాట్ వార్నిష్ స్ప్రే కూడా వానల్లో కొట్టకండి, గాలిలో తేమ పొరలో చిక్కి నీలం కోటు మీద తెల్లటి మంచు పట్టినట్టవుతుంది. ఆ నెలల్లో బ్రష్‌తో వేసే మ్యాట్ వార్నిష్ వాడండి. అయితే ఏ కాలంలోనైనా వార్నిష్ తప్పనిసరి, వేయకపోతే ఈ రంగుల జిగురు మెరుపు సిపాయిని ప్లాస్టిక్ బొమ్మగానే ఉంచుతుంది.

అడుగున 40 × 60 మి.మీ. పలక, ఫెవికాల్, స్వర్ణముఖి ఇసుక. టీ వడగట్టితో జల్లించి కిందకు దిగినదే వాడాలి. పైన మిగిలిన 1 మి.మీ. గులక ఈ స్కేలులో ఏడు సెంటీమీటర్ల రాయి, రెండు మూడుంటే చాలు. బండి లాగే తాడుకు పూలు కట్టే దారం సరిపోతుంది. ఫెవికాల్ నీళ్లలో ముంచి తీస్తే నూగు అణిగి, చుట్ట చుట్టిన ఆకారంలోనే ఎండుతుంది. 28 మి.మీ. బొమ్మలకు అరటి నార పాయ ఇంకా బాగుంటుంది.

ఇవే సీసాలతో మిగతా దేశాల బండ్లు ఇంకా సులువు. ఆస్ట్రియాకు ఓకర్ దాదాపు నేరుగా సీసాలోంచే, బ్రిటన్‌కు బూడిదరంగు, ప్రష్యాకు లేత నీలం కలిసిన బూడిదరంగు, రష్యాకు ఆకుపచ్చ. అన్నిటికీ ఇనుము నలుపే. 1782 డిసెంబరులో హైదర్ అలీ కన్నుమూసింది మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట గుడారంలో. ఆయన పక్షాన పోరాడిన ఫ్రెంచి దళాన్ని బల్ల మీదికి తేవాలనుకునేవాళ్లు నెపోలియన్ సెట్ కొనకండి. గొట్టాల సంగతి ఎలా ఉన్నా, పొడుగు షాకో టోపీలు ఇంకో పాతికేళ్లకు గానీ రాలేదు.

కొనేటప్పుడు ఎల్లో ఓకర్, నలుపు, తెలుపు, ప్రష్యన్ బ్లూ, బర్న్ట్ అంబర్, ఇండియన్ రెడ్, క్రిమ్సన్, స్కార్లెట్, మీడియం. ఈ తొమ్మిది చాలు, పన్నెండు రంగుల పెట్టె వద్దు. అందులో సగం గులాబీలూ ఊదాలే. బ్రష్‌లు సింథటిక్ గుండ్రటివి 1, 0 సైజులు, మొన విచ్చుకోనివి. షాపులోనే సీసా తలకిందులు చేసి చూడండి. అడుగున రంగు ముద్దలా కదలకుండా ఉంటే పాత సరుకు, ఎంత కలిపినా గింజలు పోవు. ఊపితే నీళ్ల చప్పుడు వచ్చినా అంతే. అమ్మకం తక్కువ రంగులు, ముఖ్యంగా ఓకర్, అంబర్, అరలో ఏళ్ల తరబడి ఉంటాయి కాబట్టి వెనక వరసలోది తీయించుకుని తారీఖు చూడండి.